జాబితాలో లేని గొట్టం

2004 ఆగస్టు 9, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. జపాన్ పడమటి తీరాన ఫుకుయి ప్రాంతంలోని మిహామా అణు విద్యుత్ కేంద్రంలో మూడో యూనిట్ మామూలుగానే నడుస్తోంది. ఇంకో అయిదు రోజుల్లో దాన్ని ఆపి ఓవర్‌హాల్ మొదలుపెట్టాలి. ఆపాక ఒక్క రోజు కూడా వృథా కాకూడదని ముందే సామాన్లు చేరవేస్తున్నారు. టర్బైన్ భవనంలో వందమందికి పైగా కాంట్రాక్టు పనివాళ్ళున్నారు. వాళ్ళ తలల మీదుగా, రెండో అంతస్తు కప్పు కింద, 56 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం ఒకటి పోతోంది. అది ఒక్కసారిగా పొడవునా చీలి, తలుపు రెక్కలా తెరుచుకుంది.

దగ్గరగా ఉన్న పదకొండు మందిని ఆవిరి కమ్మేసింది. నలుగురు ఆ రోజే చనిపోయారు. ఇంకొకరు ఆస్పత్రిలో రెండు వారాలు పోరాడి పోయారు. రేడియో ధార్మికత బయటికి రాలేదు. ఆ గొట్టానికీ రియాక్టర్ గుండెకీ నేరుగా సంబంధం లేదు. బొగ్గుతో నడిచే కేంద్రంలోనైనా, చక్కెర మిల్లులోనైనా, కాగితం మిల్లులోనైనా కనిపించే రకం గొట్టమే. ఈ అధ్యాయానికి దాన్ని ఎంచుకున్నది అందుకే.

మొదట ఒక అపోహ తీసేద్దాం. ఆ గొట్టంలో ఉన్నది ఆవిరి కాదు, నీళ్ళు. టర్బైన్ తిప్పడం ముగించి చల్లబడి నీరైన ఆవిరి, మళ్ళీ కాగడానికి వెనక్కి పోయే దారి అది. నీటి వేడి 140 డిగ్రీలు, ఒత్తిడి ప్లాంటు భాషలో చెప్పాలంటే సుమారు తొమ్మిదిన్నర కేజీలు. అంటే చదరపు సెంటీమీటరు మీద అన్ని కేజీల బరువు పెట్టినట్టు. మన ప్రెషర్ కుక్కర్లో నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, 120 డిగ్రీల దాకా పోతుంది. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి దాన్ని అంతకుముందు మరగనివ్వదు. తొందరపడి మూత బలవంతంగా లాగినవాళ్ళ ఇంట్లో పప్పు పైకప్పుకు ఎందుకు అంటుకుంటుంది? ఒత్తిడి పోయిన క్షణంలో, లోపలి నీరంతా తనలో దాచుకున్న అదనపు వేడితో ఒకేసారి మరుగుతుంది కాబట్టి. మిహామాలో జరిగింది అదే, కొలతలోనే తేడా. 140 డిగ్రీల నీరు బయటి గాలిలోకి వచ్చి 100 డిగ్రీలకు దిగేలోపు నూటికి ఏడున్నర వంతులు ఆవిరైపోతుంది. వినడానికి తక్కువే. కానీ లీటరు నీరు ఆవిరైతే పదహారు వందల లీటర్లకు పైగా చోటు కావాలి. ఆ రోజు బయటికి వచ్చిన నీరు దాదాపు 885 టన్నులు. ఆ హాలులో ఊపిరి పీల్చడానికి గాలి మిగలలేదు.

ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ముంజేయి చుర్రుమనిపించే పొగ మనందరికీ తెలుసు. నిజానికి మనం తెల్లగా చూసేది ఆవిరి కాదు, అప్పటికే చల్లబడి నీటి తుంపరగా మారినది. అసలు ఆవిరి కంటికి కనిపించదు. పాతకాలపు ఓడల ఇంజను గదుల్లో ఎక్కడో లీకు ఉందని శబ్దాన్ని బట్టి తెలిస్తే, చీపురు కర్ర ముందు పట్టుకుని నడిచేవారట. కర్ర తెగిన చోట లీకు ఉన్నట్టు. నావికులు కాస్త కలిపి చెప్పి ఉండవచ్చు గానీ అందులో భయం మాత్రం నిజమే.

గొట్టం పగిలాక దర్యాప్తుకు వచ్చినవాళ్ళు చేయకూడని పని ఒకటుంది. అది మనకు ఎంత సహజంగా తోస్తుందో అంత చెడ్డది. విరిగిన రెండు అంచుల్నీ దగ్గరికి చేర్చి సరిగ్గా అతుకుతున్నాయో లేదో చూడటం. పగిలిన కుండ పెంకులు దొరికితే ఎవరైనా చేసేది అదే. కానీ లోహం విరిగిన ముఖం మీద సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించే గుర్తులుంటాయి. ఒక్కసారిగా చిరిగిందా, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పగులు పాకిందా, లోహపు రేణువుల మధ్య సందుల వెంట విడిపోయిందా అన్నది ఆ గుర్తులే చెబుతాయి. అంచుకు అంచు రాసుకుంటే అవి చెరిగిపోతాయి. కడగకూడదు, వైరు బ్రష్షు పెట్టకూడదు. ఫొటోలు తీసి, పొడిగా చుట్టి ప్రయోగశాలకు పంపాలి.

చేయవలసిన మొదటి పని చాలా సాదా పని. కాలిపర్స్ పెట్టి, చిరిగిన అంచు ఎంత మందం ఉందో కొలవడం. మిహామాలో ఆ గొట్టం వేసినప్పుడు గోడ మందం 10 మిల్లీమీటర్లు. నిబంధనల ప్రకారం 4.7 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పగిలిన చోట అన్నిటికన్నా పలచగా ఉన్న భాగం 0.4 మిల్లీమీటరు. అర మిల్లీమీటరు కూడా లేదు, నాలుగు కాగితాలు కలిపి పెట్టినంత.

దీని అర్థం తెలియాలంటే చిన్న లెక్క చాలు. గొట్టంలోని ఒత్తిడి గోడను చుట్టూ లాగుతూ ఉంటుంది, బుడగను ఉబ్బించినట్టు. ఆ లాగుడును గోడ మందం పంచుకుంటుంది. 10 మిల్లీమీటర్ల గోడ ఉన్నప్పుడు ఒక్కో చదరపు మిల్లీమీటరు ఉక్కు మోసేది రెండున్నర కేజీల పైచిలుకు. అలాంటి ఉక్కు నలభై కేజీల దాకా మోసిగానీ తెగదు. కాబట్టి కొత్తలో ఆ గొట్టం బొత్తిగా కష్టపడటం లేదు. గోడ సగమైతే భారం రెట్టింపు. 1.4 మిల్లీమీటర్లకు వస్తే పందొమ్మిది కేజీలు. 0.4కు వస్తే అరవై ఆరు. తెగిపోయే హద్దు ఎప్పుడో దాటింది. మరి అంతదాకా ఎలా నిలిచింది? పలచబడ్డ మచ్చ చుట్టూ ఇంకా మందంగా ఉన్న లోహం దాన్ని పట్టుకుని ఉంది కాబట్టి. మచ్చ పెరిగి పెరిగి, పట్టుకునేవాడు కూడా బలహీనపడిన రోజున మొత్తం ఒకేసారి పోయింది. బొట్లు బొట్లుగా కారి హెచ్చరించలేదు.

యూనిట్ మొదలైంది 1976 డిసెంబరులో. ఇరవై ఎనిమిదేళ్ళలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఉక్కు మాయమైంది. ఏడాదికి మూడు కాగితాల మందం. ఎక్కడికి పోయింది?

నీళ్ళలో కరిగిపోయింది. ఇనుము నీళ్ళలో కరగడమేమిటి అనిపిస్తుంది. ఇనుము అంటే తుప్పు, తుప్పు అంటే ఎర్రటి పొడి, దానికి కావలసింది తేమా గాలీ. విద్యుత్ కేంద్రాల ఇంజనీర్లూ వందేళ్ళుగా అదే అనుకుని, బాయిలర్‌కు పోయే నీటిలోంచి ఆక్సిజన్‌ను వేటాడి తీసేస్తూ వచ్చారు. డీఏరేటర్ అని దానికోసమే ఒక పెద్ద తొట్టి ఉంటుంది. అందులో నీటిని మరిగించి కరిగిన గాలిని వెళ్ళగొడతారు. అప్పటికీ మిగిలిన కాస్తను హైడ్రజీన్ వంటి రసాయనంతో పట్టేస్తారు. లవణాలు అంతకుముందే తీసేశారు. ఇంత శుద్ధి చేసిన నీరు ఇనుమును ఏం చేస్తుంది?

వేడి నీటిలో, ఆక్సిజన్ లేనప్పుడు, ఉక్కు మీద మాగ్నెటైట్ అనే నల్లని పూత ఏర్పడుతుంది. ఇదీ ఐరన్ ఆక్సైడే, కానీ ఎర్ర తుప్పులా రాలిపోదు, అంటిపెట్టుకుని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇంజనీర్లకు ఆ నలుపును చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. చిక్కల్లా ఆ పూత నీటిలో కొంచెం, చాలా కొంచెం, కరుగుతుంది. ఒక గ్లాసు నీళ్ళలో పటికబెల్లం ముక్క వేసి కదపకుండా ఉంచండి, చుట్టూ ఉన్న నీరు తియ్యబడి, కరగడం నెమ్మదిస్తుంది. చెంచాతో తిప్పుతూ ఉంటే చకచకా కరుగుతుంది. తిప్పడమే కాదు, తియ్యబడ్డ నీటిని పారబోస్తూ మంచినీళ్ళు పోస్తూ ఉంటే ముక్క మొత్తం పోయేదాకా ఆగదు. గొట్టంలో జరిగేది ఈ రెండోది. పూత కరుగుతుంది, పరుగెత్తే నీరు ఆ ఇనుమును ఎత్తుకుపోతుంది, కింది ఉక్కు కొత్త పూత తయారుచేస్తుంది, అదీ కరుగుతుంది. పూత ఎప్పుడూ ఉంటుంది, గోడే తరుగుతుంది. లోపలికి తొంగి చూసినవాడికి కాపాడే నలుపే కనిపిస్తుంది గనక అనుమానం రాదు.

దీన్ని చాలాకాలం ఒరిపిడి కిందే జమకట్టారు. వరదకు గోదావరి గట్టు ఒరుసుకుపోయినట్టు నీటి వేగమే లోహాన్ని కోస్తుందనుకున్నారు. ఆ ఊహ దర్యాప్తుల్ని తప్పుదారి పట్టించిందని నా అభిప్రాయం. కోత అనుకుంటే, ఇసుక లేని శుభ్రమైన నీళ్ళు ఏం కోస్తాయి అనిపిస్తుంది. ఇది కోత కాదు, కరుగుదల. వేగం చేసేది చెంచా పని. లోపలి ముఖం మీద అది వదిలే గుర్తు కూడా వేరు. సముద్రం వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద అలల మడతలు చూస్తాం కదా, అలాంటి చిన్న చిన్న గుంటల వరస. ఒకసారి చూసినవారు మరచిపోరు.

ఈ కరుగుదలకు కొన్ని ఇష్టాలున్నాయి. నీరు చల్లగా ఉంటే రసాయన చర్య మందకొడిగా సాగుతుంది. మరీ వేడిగా ఉంటే పూత గట్టిపడి తక్కువ కరుగుతుంది. మధ్యలో, 150 డిగ్రీల చుట్టుపక్కల, అన్నిటికన్నా ఎక్కువ. నీటి క్షారగుణం తగ్గితే ఎక్కువ. సాఫీగా పోయే చోట తక్కువ, సుడులు తిరిగే చోట ఎక్కువ. అంటే వంపుల్లో, రెండు గొట్టాలు కలిసే చోట, వాల్వు దాటాక. మిహామాలో పగిలిన చోటు ఆరిఫిస్ దాటిన వెంటనే ఉంది. ఆరిఫిస్ అంటే నీటి పరిమాణం కొలవడానికి గొట్టంలో అడ్డంగా బిగించే, మధ్యలో రంధ్రమున్న పళ్ళెం. ఆ ఇరుకులోంచి తోసుకువచ్చిన నీరు అవతల సుడులు తిరుగుతుంది. 140 డిగ్రీలు, ఆక్సిజన్ లేని నీరు, సుడులు, సాదా ఉక్కు. పరీక్షలో ప్రశ్నగా ఇస్తే విద్యార్థి కూడా ఇక్కడే పలచబడుతుందని వేలు పెట్టి చూపిస్తాడు.

అన్నిటికన్నా విచిత్రమైనది క్రోమియం సంగతి. ఉక్కులో నూటికి ఒకటింబావు వంతు క్రోమియం ఉంటే ఈ జబ్బు దాదాపు రాదు. నూటికి పదో వంతున్నా, అంటే వెయ్యికి ఒక పాలున్నా, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సాదా ఉక్కులో క్రోమియం ఎవరూ కావాలని వేయరు. కరిగించిన పాత ఇనుప సామానులో ఏ స్టెయిన్‌లెస్ ముక్కో కలిస్తే వస్తుంది. అందుకే పక్కపక్కనే వెల్డు చేసిన రెండు గొట్టాల్లో, అదే నీరు, అదే వేగం, అదే వయసు అయినా ఒకటి కొత్తదానిలా ఉండి, రెండోది కాగితమై ఉండటం దర్యాప్తుల్లో కనిపిస్తుంది. ఎప్పుడో ఏ కొలిమిలో ఏ తుక్కు పోశారన్నది, దశాబ్దాల తర్వాత ఆ గొట్టం కింద నిలబడ్డవాడి తలరాత తేలుస్తుంది.

ఈ విజ్ఞానం మిహామా నాటికి కొత్తది కాదు. దాన్ని నేర్పిన ప్రమాదం పద్దెనిమిదేళ్ళ ముందే జరిగింది. 1986 డిసెంబరు 9న అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని సర్రీ అణు కేంద్రం రెండో యూనిట్‌లో ఒక వాల్వు అనుకోకుండా మూసుకుంది. రియాక్టర్ ఆగింది. ఆ కుదుపులో ఒత్తిడి కాస్త పెరిగి, ఫీడ్ పంపుకు నీరు తెచ్చే 18 అంగుళాల గొట్టం వంపు దగ్గర పేలింది. అక్కడ పనిచేస్తున్న ఎనిమిది మంది కాలిపోయారు, అందులో నలుగురు చనిపోయారు. అర అంగుళం ఉండవలసిన గోడ కొన్నిచోట్ల అందులో ఎనిమిదో వంతుకు చేరింది. ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఎగజిమ్మిన నీరూ ఆవిరీ వెళ్ళి తలుపులు తెరిచే కార్డు యంత్రాన్ని పాడుచేశాయి. మంటలార్పే వ్యవస్థ తనంతట తాను విచ్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలింది. ఒక గొట్టం పగిలితే దానికి ఏ సంబంధమూ లేని తలుపులు కూడా మొరాయిస్తాయని అప్పటిదాకా ఎవరి ఊహకూ అందలేదు.

సర్రీకి ముందు కూడా పలచబడే గొట్టాల గురించి తెలుసు. అయితే తడి ఆవిరి పోయే గొట్టాల్లోనే ప్రమాదమనీ, అచ్చంగా నీళ్ళు పోయేచోట పర్వాలేదనీ నమ్మేవారు. కాబట్టి నీటి గొట్టాలను పెద్దగా ఎవరూ కొలవలేదు. సర్రీ తర్వాత అమెరికా అణు నియంత్రణ సంస్థ అన్ని కేంద్రాలనూ వివరాలడిగింది. ఎక్కడ ఎంత తరుగుతుందో ముందే అంచనా కట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. 1990లో జపాన్‌లో కూడా మార్గదర్శకాలు తయారయ్యాయి. వాటిలో ఆరిఫిస్ దాటిన చోటును తప్పక కొలవాలని స్పష్టంగా ఉంది.

బాయిలర్ నీటి రసాయనం కూడా మారింది. ఇనుము తప్ప వేరే లోహం లేని వ్యవస్థల్లో ఇప్పుడు హైడ్రజీన్ మానేస్తున్నారు. కొన్ని కేంద్రాల్లో అత్యంత శుద్ధమైన నీటిలోకి కొలిచి కొలిచి కొంచెం ఆక్సిజన్ వదులుతారు. అది నల్లని పూత రంధ్రాల్లో ఇంకా తక్కువ కరిగే ఎర్రని ఆక్సైడ్‌ను పూరిస్తుంది. జర్మనీలో ఈ పద్ధతి 1970ల నుంచే ఉంది. తరతరాలుగా బయటికి తరిమినవాడినే పిలిచి కాపలా పెట్టుకున్నట్టయింది.

కొలవడం ఎలాగో చూద్దాం. గొట్టం మీది లాగింగ్, అంటే వేడి పోకుండా చుట్టిన పొర, విప్పి, పెయింటు గీకి, సుద్దతో గళ్ళు గీసి, ఒక్కో గడి మీద జెల్లీ పూసి, చిన్న ప్రోబు ఆనిస్తారు. అది పంపిన శబ్దం గోడ లోపలి అంచుకు తగిలి తిరిగి వస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. 10 మిల్లీమీటర్ల గోడయితే సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో మూడున్నర వంతుల్లోపే వెళ్ళి తిరిగి వస్తుంది. యంత్రం ఆ కాలాన్ని మిల్లీమీటర్లుగా మార్చి చూపిస్తుంది. పనితనమంతా అద్భుతమే గానీ ఆ ప్రోబు చూసేది తన కింది రూపాయి బిళ్ళంత మేరే. ఒక విద్యుత్ కేంద్రంలో గొట్టాలు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి, వంపులు వేలల్లో. ఓవర్‌హాల్ కొన్ని వారాలే. అన్నీ విప్పి చూడలేరు. కాబట్టి ఎక్కడ ఆనించాలో చెప్పే పట్టిక కావాలి. శబ్దంతో కొలిచే యంత్రం కన్నా ఆ పట్టికే పెద్ద పరికరం.

పట్టిక తయారుచేసేవాడి తెలివి ఎక్కడ తడబడుతుందో 1997 ఏప్రిల్‌లో నెబ్రాస్కాలోని ఫోర్ట్ కాల్హూన్‌లో తెలిసింది. వంపు ఎంత బిగువైతే సుడులు అంత ఎక్కువ అన్న లెక్కతో ముందు ఆ చిన్న వంపుల మీద శ్రద్ధ పెట్టారు. తీరా పగిలింది నిదానంగా తిరిగే పెద్ద వంపు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. చుట్టుపక్కల చిన్న వంపుల్ని చూసి, ఇవి బాగున్నాయి గనక అది ఇంకా బాగుంటుందనుకోవడం తర్కానికి నిలుస్తుంది, గొట్టానికి నిలవదు.

మిహామాలో లెక్క తప్పలేదు. అక్కడ పట్టికలో ఆ వరసే లేదు. మార్గదర్శకాలను బట్టి ఏ యూనిట్‌లో ఏ చోట్లు కొలవాలో రాసుకున్నప్పుడు మూడో యూనిట్ ఆరిఫిస్ తర్వాతి ఆ ముక్క జారిపోయింది. అలాంటి చోట్లు ఇతర యూనిట్లలో కొలిచారు, మార్చారు. ఇక్కడ మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా లాగింగ్ విప్పి ప్రోబు ఆనించలేదు. ఆ పక్కనే సమాంతరంగా పోయే జంట గొట్టాన్ని ప్రమాదం తర్వాత కొలిస్తే, అదీ హద్దు దాటి పలచబడే ఉంది.

పట్టికను మొదట తయారుచేసింది యంత్రాలు కట్టిన సంస్థ, తర్వాత చూసుకున్నది తనిఖీ పని తీసుకున్న మరో సంస్థ, కేంద్రం నడిపేది కన్సాయ్ విద్యుత్ కంపెనీ. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పట్టిక మారినప్పుడల్లా ఉన్న వరసల్నే సరిచూస్తారు. లేని వరసను సరిచూడటం ఎలా? గళ్ళన్నీ టిక్కులతో నిండిన కాగితం అందరికీ పూర్తయినట్టే కనిపిస్తుంది.

పగిలిన గొట్టాలన్నీ పలచబడినవే అనుకుంటే పొరపాటు. చీలిన పెదవి మందంగా ఉందంటే వేరే నేరస్తుణ్ణి వెతకాలి. 1985 జూన్ 9న నెవాడా రాష్ట్రంలోని మొహావీ థర్మల్ కేంద్రంలో మళ్ళీ వేడిచేసిన ఆవిరిని తెచ్చే 30 అంగుళాల రీహీట్ గొట్టం పొడవునా చీలి ఆరుగురు చనిపోయారు. దాని గోడ తరగలేదు. అందులో పోయేది 540 డిగ్రీలకు చేరువైన ఆవిరి, చీకటి గదిలో అయితే ఉక్కు లీలగా ఎర్రబారి కనిపించే వేడి. ఆ వేడిలో ఉక్కు గట్టి వస్తువు కాదు. పాత ఇంటి దూలం ఏళ్ళ తరబడి బరువు మోసి మోసి నడుము దిగినట్టు, మామూలుగా ఏమీ చేయలేని భారానికే అది సాగుతూ పోతుంది. క్రీప్ అంటారు దీన్ని. లోహపు రేణువుల సరిహద్దుల్లో ముందు విడివిడి సూది బెజ్జాలు పుడతాయి, అవి వరస కడతాయి, కలిసి పగులవుతాయి. మొహావీలో గొట్టాన్ని రేకు వంచి పొడవునా వెల్డు చేసి తయారుచేశారు, ఆ వెల్డు వెంటే బెజ్జాలు చేరాయి. అదీ గోడ లోపల, బయటికి కనిపించకుండా. ఉన్న వేడి మీద పది పదిహేను డిగ్రీలు పెరిగితే చాలు, ఇలాంటి గొట్టం ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల మోటు లెక్క.

అందుకే అంత వేడిలో పనిచేసే గొట్టాల వయసును ఏళ్ళలో కాక గంటల్లో లెక్కిస్తారు. మన దేశపు బాయిలర్ నిబంధనల్లో లక్ష గంటలు ఒక మైలురాయి. అది దాటాక మిగిలిన ఆయుష్షును పరీక్షించి తేల్చాలి. లక్ష గంటలంటే ఆపకుండా నడిస్తే పదకొండున్నర ఏళ్ళే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అంటే ఓవర్‌హాల్ గంటలు తీసేసినా ఆ మైలురాయిని ఎన్నిసార్లు దాటి ఉంటుందో లెక్కేసుకోవచ్చు. ఆ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. గొట్టం మీద చిన్న చోటును అద్దంలా పాలిష్ చేసి, ఆమ్లంతో తుడిచి, ద్రావకంలో మెత్తబడ్డ పలచని ప్లాస్టిక్ పొరను దాని మీద అద్దుతారు. ఆరాక ఊడదీస్తే లోహపు రేణువుల అచ్చు అందులో పడుతుంది, వేలిముద్ర తీసినట్టు. దాన్ని జేబులో పెట్టుకుని ప్రయోగశాలకు పోవచ్చు. గొట్టాన్ని కోయక్కర్లేదు. బెజ్జాలు విడివిడిగా ఉన్నాయా, వరస కట్టాయా అన్నదాన్ని బట్టి ఇంకెన్నేళ్ళో చెబుతారు.

మూడో నేరస్తుడు లోహానికి సంబంధించినవాడే కాదు. న్యూయార్క్ నగరంలో 1882 నుంచి వీధుల కింద ఆవిరి గొట్టాలున్నాయి, భవనాలకు వేడి వాటి నుంచే. 2007 జులై 18 సాయంత్రం లెగ్జింగ్టన్ అవెన్యూ, 41వ వీధి కూడలిలో రోడ్డు పేలి, బురదతో కలిసిన ఆవిరి ఆకాశహర్మ్యాల ఎత్తుకు ఎగసింది. ఒకామె గుండె ఆగి చనిపోయింది, పదుల మంది గాయపడ్డారు. గొట్టం 1924 నాటిది. పేపర్లన్నీ ముసలి గొట్టం అని రాశాయి. వయసు కారణం కాదని తేలింది. ఆ రోజు పొద్దున పెద్ద వాన. నేలలో చేరిన చల్లని నీరు గొట్టాన్ని చల్లబరిస్తే లోపల ఆవిరి నీరైంది. ఆ నీటిని బయటికి తోసేయడానికి ట్రాపులుంటాయి, నీటిని వదిలి ఆవిరిని ఆపే చిన్న వాల్వులు. అంతకుముందు ఒక లీకును మూయడానికి ఎక్కించిన జిగురు పదార్థం పోయి ఆ ట్రాపుల్లో గడ్డకట్టింది. బయటికి దారి లేక నీరు చేరింది. చల్లని నీటి నడుమ ఆవిరి తిత్తి ఒకటి చిక్కుకుంది.

ఆవిరి ఒక్కసారిగా నీరైతే ఉన్న చోటులో వందల వంతుల్లో ఒక వంతుకు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి రెండు వైపులా నీరు దూసుకొస్తుంది, ఎదురెదురుగా ఢీకొంటుంది. నీరు నొక్కుడు పడదు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని గొట్టంలో హఠాత్తుగా ఆపితే పన్నెండు పదమూడు కేజీల ఒత్తిడి పుడుతుందని రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1898లో చూపించాడు. పది మీటర్ల వేగమైతే అంతకు పదింతలు. నీటి సమ్మెట అని దానికి సరైన పేరే పెట్టారు. బాగున్న గొట్టం కూడా పగులుతుంది. స్టీమ్ లైను తెరిచేటప్పుడు మన ఫ్యాక్టరీల్లో పాత ఆపరేటర్లు డ్రెయిన్లన్నీ విప్పి, వాల్వును వేలెడు వేలెడుగా తిప్పుతూ, గొట్టం ఠంగుమనగానే చెయ్యి ఆపేయడం ఇందుకే. ట్రాపు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పొడుగు స్క్రూడ్రైవర్ కొన దాని మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుంటారు. ఖరీదైన పరికరాలొచ్చినా ఆ అలవాటు పోలేదు, పోకూడదు కూడా.

పెదవి పలచనా, మందమా. గోడలో బెజ్జాలున్నాయా. నీటి సమ్మెట దెబ్బకు గొట్టం తనను మోసే హ్యాంగర్ల మీద నుంచి పక్కకు దూకిందా. దర్యాప్తు చేసేవాళ్ళు మొదటి గంటలో అడిగేవి ఇవే. చాలాసార్లు జవాబు ఆ గంటలోనే తేలిపోతుంది. మిహామాలో ఆ కాగితం లాంటి అంచును చూసిన ఏ ఇంజనీరుకైనా నేరస్తుడు ఎవరో ఆ సాయంత్రానికే అర్థమై ఉంటుంది. మిగిలిన నెలలన్నీ పట్టింది గొట్టాన్ని చదవడానికి కాదు, ఫైళ్ళను చదవడానికి.

ఫైళ్ళలో తేలింది ఇది. తప్పిపోయిన వరస ప్రమాదానికి ఏడాది ముందు, 2003లోనే, తనిఖీ సంస్థ కంట పడింది. పట్టికలో చేర్చారు. తొందరపడవలసిన పని అని ఎవరికీ తోచలేదు, అన్ని పనుల్లాగే అదీ వచ్చే ఓవర్‌హాల్‌కు పెట్టారు. ఆ మధ్యాహ్నం టర్బైన్ భవనంలో సామాన్లు దించుకుంటున్నవాళ్ళు వచ్చింది ఆ ఓవర్‌హాల్ కోసమే. ఆ పనుల పట్టికలో, మొట్టమొదటిసారిగా, వాళ్ళ తలల మీది గొట్టం మందం కొలవడం కూడా ఉంది. ఓవర్‌హాల్ ఆగస్టు 14న మొదలు కావాలి.